ఐడీఈలో రన్ అవుతుంది, మేవెన్ మాత్రం "ప్యాకేజీ లేదు" అంటుంది: మల్టీ మాడ్యూల్ ప్రాజెక్టులో ఎక్కడ వెతకాలి

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ముందు ఒకసారి చెప్తాను, తర్వాత వచ్చి చదివేవాళ్లకు కూడా పనికొస్తుంది. జావా బిల్డ్ టూల్ మేవెన్‌తో కట్టే ప్రాజెక్టు మీది. పేరెంట్ పామ్ (పామ్ అంటే ప్రాజెక్టు వివరాలు, అది వాడే లైబ్రరీలు రాసే ఫైల్) కింద కామన్, సర్వీస్, వెబ్ అని మూడు మాడ్యూళ్లు. పేరెంట్‌కి పేరెంట్‌గా స్ప్రింగ్ బూట్ స్టార్టర్ పేరెంట్ (స్ప్రింగ్ బూట్ ఇచ్చే రెడీమేడ్ పామ్). జావా 11, స్ప్రింగ్ బూట్ 2.7 నుంచి జావా 17, స్ప్రింగ్ బూట్ 3.1కి మారారు. పనిలో పనిగా, వెబ్‌లో ఉన్న స్ప్రింగ్ బూట్ మేవెన్ ప్లగిన్‌ని "అన్నీ ఒకేచోట ఉంటాయి కదా" అని పేరెంట్‌లోకి తెచ్చారు. ఇంటెల్లిజే ఐడీఈలో రన్ కొడితే అప్లికేషన్ లేస్తోంది. టెర్మినల్లో మేవెన్ కంపైల్ కూడా పాస్ అవుతోంది. క్లీన్ ఇన్‌స్టాల్ కొడితే మాత్రం సర్వీస్ మాడ్యూల్ దగ్గర ఆగిపోయి, కామన్‌లో కళ్ల ముందు కనిపిస్తున్న ప్యాకేజీనే పట్టుకుని "ప్యాకేజ్ డజ్ నాట్ ఎగ్జిస్ట్" అంటోంది. జెంకిన్స్‌లో (ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసే సర్వర్‌లో) అక్కడిదాకా కూడా పోకుండా క్లాస్ ఫైల్ వెర్షన్ 61 అని, 55 అని ఇంకేదో గొడవ. ఐడీఈలో లేచిన అప్లికేషన్‌కి కూడా కొన్ని జేసన్ రిక్వెస్టులు కొడితే జేసన్ చదివే లైబ్రరీ జాక్సన్‌లో స్ట్రీమ్‌రీడ్‌కన్‌స్ట్రెయింట్స్ అనే క్లాస్ లేదని నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్. ఎం2 ఫోల్డర్ (మేవెన్ డౌన్‌లోడ్లు దాచుకునే చోటు) మొత్తం డిలీట్ చేసి చూశాం, లాభం లేదు అన్నారు.

ఎం2 డిలీట్ చేయమని మీకు ఎవరు చెప్పారో గానీ, ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంటుంది ఆ పని. దాని సంగతి కింద చెప్తాను. ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, మీకున్నది ఒక సమస్య కాదు, మూడు, వాటికి ఒకదానితో ఒకటి సంబంధం కూడా లేదు. ఒకే వారంలో అప్‌గ్రేడ్ చేశారు కాబట్టి ఒకేసారి బయటపడ్డాయి, అంతే. ఒకే బిల్డ్‌లో మేవెన్ మూడు దారుల్లో క్లాసులు వెతుక్కుంటుంది. మీ కోడ్‌కి కావలసిన డిపెండెన్సీలు ఒక దారి. ప్లగిన్‌లకు వాటి సొంత డిపెండెన్సీలు ఇంకో దారి. వీటన్నిటినీ నడిపే జేడీకే (జావా కంపైలర్, జేవీఎం ఉండే కిట్) మూడోది. ఎర్రర్ ఏ దారిలోదో తేల్చుకోకుండా పామ్‌లో చెయ్యి పెడితే ఒకటి సర్దబోయి ఇంకొకటి చెడగొట్టుకుంటాం. మీ పామ్ చూస్తే ఇప్పటికే ఒకచోట అదే జరిగింది.

ఆ ఒకచోటు దగ్గరే మొదలుపెడదాం. పేరెంట్‌లో ప్లగిన్ కాన్ఫిగరేషన్ కింద మెయిన్‌క్లాస్ అని పెట్టి వెబ్ మాడ్యూల్ అప్లికేషన్ క్లాస్ పేరు రాసి ఉంది. అది ఎందుకు వచ్చిందో ఊహించగలను. ప్లగిన్‌ని పేరెంట్‌లోకి తేగానే మొదట కామన్ మాడ్యూల్లో "అనేబుల్ టు ఫైండ్ మెయిన్ క్లాస్" అని ఎర్రర్ వచ్చి ఉంటుంది, ఎవరో వెతికి మెయిన్‌క్లాస్ రాయమన్న సలహా చూసి రాసి ఉంటారు, ఆ ఎర్రర్ పోయి ఉంటుంది. నిజానికి ఆ ఎర్రర్ మీకు సరైన మాటే చెప్పింది: కామన్ అనేది లైబ్రరీ, దాన్ని రన్ చేసే జార్‌గా మార్చడం కుదరదు, నన్నెందుకు ఇక్కడ పిలిచారు అని. దాని నోరు మూయించారు కాబట్టి ఇప్పుడు అది అడగకుండా తన పని తాను చేసుకుపోతోంది.

ఆ పని ఏంటంటే రీప్యాకేజ్. ప్యాకేజ్ ఫేజ్‌లో మామూలు జార్ (క్లాసులన్నీ కట్టి పెట్టిన ఒక్క ఫైల్) తయారయ్యాక ఈ ప్లగిన్ ఆ జార్‌ని విప్పి, మీ క్లాసులన్నిటినీ బూట్-ఇన్ఫ్ కింద క్లాసెస్ ఫోల్డర్లోకి, లైబ్రరీలను బూట్-ఇన్ఫ్ కింద లిబ్ ఫోల్డర్లోకి సర్ది, సొంత లోడర్ క్లాసులు పైన పెట్టి, అదే పేరుతో కొత్త జార్ రాస్తుంది. జావా మైనస్ జార్ అని నేరుగా రన్ చేసుకోవడానికి ఇది బాగుంటుంది. కానీ ఇదే జార్‌ని ఇంకో మాడ్యూల్ డిపెండెన్సీగా తీసుకుంటే, కంపైలర్ మీ ప్యాకేజీని జార్ మొదటి మెట్టు నుంచి వెతుకుతుంది, అది ఉన్నదేమో బూట్-ఇన్ఫ్ లోపల. దొరకదు. అందుకే ఫైల్ కళ్ల ముందు ఉన్నా ప్యాకేజీ లేదంటుంది.

నమ్మకం కుదరకపోతే కామన్ మాడ్యూల్ టార్గెట్ ఫోల్డర్లోకి వెళ్లి చూడండి. రెండు ఫైళ్లు ఉంటాయి: ఒకటి మామూలు జార్, పక్కనే అదే పేరు చివర డాట్ ఒరిజినల్ అని తగిలించినది. సైజులు పోల్చండి, జార్ చాలా పెద్దగా, ఒరిజినల్ చిన్నగా ఉంటాయి. జార్ టీఎఫ్ కమాండ్‌తో రెండింటినీ విప్పి చూస్తే ఒరిజినల్లో మీ ప్యాకేజీ మొదటి మెట్టులోనే కనిపిస్తుంది, రెండోదాంట్లో ప్రతి క్లాస్ ముందూ బూట్-ఇన్ఫ్ ఉంటుంది. లైబ్రరీ మాడ్యూల్ టార్గెట్‌లో డాట్ ఒరిజినల్ ఫైల్ కనబడిందంటే ఇంక వేరే చోట వెతకక్కర్లేదు.

మరి కంపైల్ ఎందుకు పాస్ అయింది, ఐడీఈ ఎందుకు ఊరుకుంది? కంపైల్ ఫేజ్ వరకే నడిపితే జార్ తయారవదు కాబట్టి రియాక్టర్ (మాడ్యూళ్లని వరుసలో బిల్డ్ చేసే మేవెన్ భాగం) సర్వీస్ మాడ్యూల్‌కి కామన్ తాలూకు టార్గెట్ క్లాసెస్ ఫోల్డర్‌నే చూపిస్తుంది. అందులో అన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఇంటెల్లిజే కూడా అంతే, దాని లెక్కలో జార్ అనేదే లేదు, ఫోల్డర్లు మాత్రమే. ఇన్‌స్టాల్ అన్నప్పుడు మాత్రం కామన్ ప్యాకేజ్ ఫేజ్ దాటి వచ్చింది కాబట్టి సర్వీస్‌కి జార్ అందుతుంది. కంపైల్ పాస్ అయి ఇన్‌స్టాల్ ఫెయిల్ అయితే తేడా ప్యాకేజింగ్‌లోనే ఉందని వెంటనే అనుమానించాలి, డిపెండెన్సీ వెర్షన్ల మీద పడకూడదు.

సర్దడం సులువు. పేరెంట్‌లోని ప్లగిన్స్ కింద నుంచి స్ప్రింగ్ బూట్ ప్లగిన్ తీసేయండి, ఆ మెయిన్‌క్లాస్ లైనుతో సహా. వెబ్ మాడ్యూల్ పామ్‌లో మాత్రం పెట్టండి. మీకు స్టార్టర్ పేరెంట్ ఉంది కాబట్టి గ్రూప్ ఐడీ, ఆర్టిఫాక్ట్ ఐడీ రాస్తే చాలు, వెర్షనూ రీప్యాకేజ్ గోలూ (గోల్ అంటే ప్లగిన్ చేసే ఒక పని) దాని ప్లగిన్ మేనేజ్‌మెంట్ నుంచి వస్తాయి. స్టార్టర్ పేరెంట్ లేకుండా, కంపెనీ సొంత పేరెంట్ వాడుతూ స్ప్రింగ్ బూట్ డిపెండెన్సీలను ఇంపోర్ట్ స్కోప్‌తో తెచ్చుకునేవాళ్లు మాత్రం ఎగ్జిక్యూషన్ రాసి అందులో రీప్యాకేజ్ గోల్ తామే పెట్టాలి, లేకపోతే జార్ తయారవుతుంది గానీ రన్ చేస్తే "నో మెయిన్ మానిఫెస్ట్ ఆట్రిబ్యూట్" అంటుంది. ఒకే మాడ్యూల్ అటు రన్ అవ్వాలి, ఇటు ఇంకొకరికి లైబ్రరీగానూ ఉండాలి అంటే క్లాసిఫయర్‌గా ఎగ్జెక్ అని పెడితే రెండు జార్‌లు వేరువేరుగా వస్తాయి. నన్నడిగితే ఆ అవసరం వచ్చిందంటే మాడ్యూల్‌ని రెండుగా విడగొట్టాల్సిన టైం వచ్చినట్టే.

ఇక్కడే ఇంకో మాట. ప్లగిన్స్ వేరు, ప్లగిన్ మేనేజ్‌మెంట్ వేరు. పేరెంట్ ప్లగిన్స్ కింద రాస్తే పిల్లలన్నిటిలోనూ నడుస్తుంది. ప్లగిన్ మేనేజ్‌మెంట్ కింద రాస్తే ఎక్కడా దానంతట అది నడవదు, ఎవరైనా పిల్ల మాడ్యూల్ దాన్ని పిలిచినప్పుడు వెర్షన్, కాన్ఫిగరేషన్ మాత్రం అక్కడ నుంచి తీసుకుంటుంది. "అన్నీ ఒకేచోట ఉండాలి" అన్న మీ కోరిక తప్పేం కాదు, దానికి చోటు ప్లగిన్ మేనేజ్‌మెంట్. డిపెండెన్సీస్‌కీ డిపెండెన్సీ మేనేజ్‌మెంట్‌కీ మధ్య ఉన్నదీ ఇదే తేడా. ఏది ఎక్కడ నుంచి వచ్చిందో తెలియకపోతే హెల్ప్ ప్లగిన్‌లో ఎఫెక్టివ్ పామ్ అనే గోల్ ఉంది, మాడ్యూల్ ఫోల్డర్లో నిలబడి అది కొట్టండి, పేరెంట్లన్నీ కలిసిపోయాక మేవెన్ నిజంగా చూసే పామ్ అదే. చాలా పొడుగ్గా ఉంటుంది, ఫైల్లోకి రాసుకుని వెతుక్కోండి.

జెంకిన్స్ సంగతి. 61 అంటే జావా 17తో కంపైల్ అయిన క్లాస్, 55 అంటే నడిపిస్తున్నది జావా 11. 52 జావా 8, 65 జావా 21, ఇవి నోటికి వచ్చేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మీ లాగ్‌లో ఆ లైనుకి కొంచెం పైన "అనేబుల్ టు లోడ్ ద మోజో రీప్యాకేజ్" అని ఉంది చూడండి (మోజో అంటే ప్లగిన్ గోల్‌ని నడిపే క్లాస్), అంటే లోడ్ కానిది మీ కోడ్‌లో క్లాస్ కాదు, ప్లగిన్ లోపలి క్లాస్. స్ప్రింగ్ బూట్ 3 ప్లగిన్ జావా 17తో కంపైల్ అయింది, ప్లగిన్‌లు మేవెన్ నడుస్తున్న జేవీఎంలోనే నడుస్తాయి, జెంకిన్స్ ఏజెంట్‌లో మేవెన్ జావా 11 మీద నడుస్తోంది. పామ్‌లో జావా వెర్షన్ 17 అని ఎన్నిసార్లు రాసినా ఇది మారదు. టూల్‌చెయిన్స్ పెట్టుకున్నా మారదు, ఎందుకంటే టూల్‌చెయిన్ మార్చేది కంపైలర్, టెస్టుల లాంటివాటి జేడీకేని మాత్రమే, మేవెన్ తాను కూర్చున్న జేవీఎంని కాదు. జావా హోమ్ (మేవెన్ ఏ జేడీకే వాడాలో చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్) మార్చాల్సిందే.

మీ డెవ్‌ఆప్స్ వాళ్లు "సర్వర్లో జావా 17 ఉంది, మేం చెక్ చేశాం" అంటారు, జావా మైనస్ వెర్షన్ కొట్టి చూపిస్తారు కూడా. అది పాత్‌లో ఉన్న జావా. మేవెన్ చూసేది జావా హోమ్‌ని. అందుకని పైప్‌లైన్‌లో బిల్డ్ స్టెప్‌కి ముందు ఎంవీఎన్ మైనస్ వెర్షన్ అని ఒక లైన్ పెట్టండి, అది మేవెన్ వెర్షన్‌తో పాటు తాను ఏ జేడీకే మీద నడుస్తోందో, అది ఏ ఫోల్డర్లో ఉందో చెప్తుంది. ఆ లైన్ శాశ్వతంగా ఉంచేయండి, ఖర్చేం లేదు. మీ లాప్‌టాప్‌లో కూడా టెర్మినల్ జావా హోమ్, ఇంటెల్లిజేలో మేవెన్ రన్నర్‌కి పెట్టిన జేడీకే, ప్రాజెక్ట్ ఎస్‌డీకే, ఈ మూడూ మూడు రకాలుగా ఉండొచ్చు. "రిలీజ్ వెర్షన్ 17 నాట్ సపోర్టెడ్" అన్న ఎర్రర్ కూడా ఈ కోవలోదే, పాత జేడీకేని కొత్త భాష మాట్లాడమంటే అలా అంటుంది.

దీనికి తలకిందులైన ఎర్రర్ ఇంకొకటి ఉంది, రెండింటినీ కలిపేసుకోవద్దు. "అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65" అని వస్తే మీ జేడీకే కొత్తదే, క్లాసులూ కొత్తవే, వాటిని చదవబోయిన ఏదో పాత టూల్‌కి ఆ ఫార్మాట్ తెలియదు. జాకోకో (టెస్ట్ కవరేజ్ కొలిచేది), షేడ్ ప్లగిన్, మోకిటో లోపల ఉండే బైట్ బడ్డీ, ఇలాంటి బైట్‌కోడ్ చదివేవాటి వెర్షన్ పెంచాలి. అక్కడ జేడీకే తగ్గించుకుంటూ కూర్చోవడం తిరుగు ప్రయాణం.

లాంబాక్ (గెట్టర్ల లాంటి కోడ్ తానే పుట్టించే లైబ్రరీ) కూడా అదే బాపతు, అది కంపైలర్ లోపలికి చెయ్యి పెట్టి పని చేస్తుంది కాబట్టి జేడీకే మారిన ప్రతిసారీ దెబ్బతింటుంది. జావా 17కి కనీసం 1.18.22, జావా 21కి కనీసం 1.18.30 ఉండాలి. స్ప్రింగ్ బూట్ తనంతట తాను సరైన వెర్షన్ ఇస్తుంది, మీ కామన్ పామ్‌లో పాత నంబర్ చేత్తో రాసి ఉంటే తీసేయండి. మ్యాప్‌స్ట్రక్ట్ (ఒక ఆబ్జెక్ట్ నుంచి ఇంకోదానికి కాపీ చేసే కోడ్ రాసిపెట్టేది) కూడా వాడుతూ కంపైలర్ ప్లగిన్‌లో యాన్‌నోటేషన్ ప్రాసెసర్ పాత్స్ రాసుకున్నవాళ్లు లాంబాక్‌ని కూడా ఆ లిస్టులో తప్పకుండా చేర్చాలి, లాంబాక్ మ్యాప్‌స్ట్రక్ట్ బైండింగ్ అనే చిన్న ఆర్టిఫాక్ట్ కూడా. ఒకసారి ఆ లిస్ట్ రాశారంటే కంపైలర్ మామూలు డిపెండెన్సీల్లో ప్రాసెసర్ల కోసం వెతకడం మానేస్తుంది, దాంతో ఉన్నట్టుండి గెట్టర్లన్నీ మాయమైనట్టు వందల ఎర్రర్లు వస్తాయి. రేపు జేడీకే 23కి గానీ ఆపైకి గానీ వెళ్తే ఇంకో తేడా: అక్కడ నుంచి క్లాస్‌పాత్‌లో ప్రాసెసర్ ఉన్నంత మాత్రాన కంపైలర్ దాన్ని నడపదు, ఆ పాత్స్ రాసుకోవాలి, లేదా ప్రాక్ ఫుల్ అనే ఆప్షన్ ఇవ్వాలి.

మూడోది, జాక్సన్. ఇది నిజమైన డిపెండెన్సీ సమస్య. స్ట్రీమ్‌రీడ్‌కన్‌స్ట్రెయింట్స్ అనే క్లాస్ జాక్సన్ కోర్ 2.15లో కొత్తగా వచ్చింది. స్ప్రింగ్ బూట్ 3.1 తెచ్చేది 2.15. మరి డేటాబైండ్ 2.15 ఉండి, కోర్ అంతకంటే పాతది ఉంటేనే ఈ ఎర్రర్ వస్తుంది. మీ పేరెంట్ డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ చివర్లో జాక్సన్ కోర్ 2.13 అని ఒక్క ఎంట్రీ ఉంది, ఎప్పుడో సెక్యూరిటీ స్కాన్ రిపోర్ట్ వచ్చినప్పుడు ఎవరో పెంచి వదిలేసినట్టుంది. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే సెక్యూరిటీ లోపం గొడవ జరిగినప్పుడు రాత్రికి రాత్రి ఇలాంటి ఎంట్రీలు చాలా ప్రాజెక్టుల్లో పడ్డాయి, పెట్టినవాళ్లు ఉద్యోగాలు మారారు, ఎంట్రీలు అలాగే ఉన్నాయి. ఆరోజు వెర్షన్ పెంచడానికి రాసిన లైనే ఈరోజు కిందికి లాగుతోంది.

డిపెండెన్సీ మేనేజ్‌మెంట్‌కి అంత బలం ఎందుకంటే, మామూలుగా రెండు వెర్షన్లు పోటీ పడితే మేవెన్ పెద్ద నంబర్‌ని చూడదు, మీ ప్రాజెక్టుకి దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుంటుంది, ఇద్దరూ ఒకే దూరంలో ఉంటే పామ్‌లో ముందు రాసినది గెలుస్తుంది. గ్రేడిల్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు, అక్కడ మామూలుగా పెద్ద వెర్షనే గెలుస్తుంది. డిపెండెన్సీ మేనేజ్‌మెంట్‌లో పేరుందంటే ఇక దూరం లెక్కే లేదు, ఎంత లోతు నుంచి వచ్చినా అక్కడ రాసిన నంబరే. మీరు రాసిన ఎంట్రీ స్టార్టర్ పేరెంట్ ఎంట్రీని కూడా తోసేస్తుంది.

వెబ్ మాడ్యూల్ మీద డిపెండెన్సీ ట్రీ గోల్‌ని వెర్బోస్ పెట్టి, ఇన్‌క్లూడ్స్‌లో జాక్సన్ గ్రూప్ పేరిచ్చి కొట్టండి. డేటాబైండ్ పక్కన 2.15, కోర్ పక్కన 2.13, దాని పక్కన బ్రాకెట్లో వెర్షన్ మేనేజ్డ్ ఫ్రమ్ 2.15 అన్న మాట కనబడాలి. ఆ "మేనేజ్డ్ ఫ్రమ్" అన్న ముక్క ఎక్కడ కనబడితే అక్కడ ఏదో డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ ఎంట్రీ వెర్షన్ మార్చిందని అర్థం, అది మీరు చేత్తో రాసింది కావచ్చు, స్ప్రింగ్ బూట్‌ది కావచ్చు. "ఒమిటెడ్ ఫర్ కాన్‌ఫ్లిక్ట్" అని ఉంటే పోటీలో ఓడిపోయినది అది. పరిష్కారం ఆ ఎంట్రీ పీకేయడం. జాక్సన్ వెర్షన్ నిజంగా మార్చాల్సి వస్తే ఒక్క ముక్క మార్చకండి, కోర్, డేటాబైండ్, యాన్‌నోటేషన్స్ అన్నీ కలిసి కదలాలి, దానికి పామ్ ప్రాపర్టీస్‌లో జాక్సన్ బామ్ వెర్షన్ అనే ప్రాపర్టీ (బామ్ అంటే కలిసి కదలాల్సిన ముక్కల వెర్షన్ల లిస్ట్) మారిస్తే సరిపోతుంది. గుర్తుపెట్టుకోండి, ప్రాపర్టీ మార్చే ఈ చిట్కా స్టార్టర్ పేరెంట్ ఉన్నవాళ్లకే పని చేస్తుంది. ఇంపోర్ట్ స్కోప్‌తో తెచ్చుకున్నవాళ్లు ప్రాపర్టీ మార్చి గంటల తరబడి ఎందుకు మారట్లేదని తల పట్టుకుంటారు. వాళ్లు జాక్సన్ బామ్‌ని స్ప్రింగ్ బూట్ డిపెండెన్సీస్ కంటే ముందు ఇంపోర్ట్ చేసుకోవాలి, రెండు ఇంపోర్టుల్లో ముందున్నదే చెల్లుతుంది.

రన్‌టైమ్‌లో ఏ జార్ నుంచి క్లాస్ వచ్చిందో పట్టుకోవాలంటే జేవీఎంకి వెర్బోస్ క్లాస్ ఆప్షన్ ఇస్తే ప్రతి క్లాస్ పక్కనా దాని జార్ పాత్ రాస్తుంది. ట్రీలో అంతా సవ్యంగా ఉండి కూడా నోసచ్‌మెథడ్‌ఎర్రర్ వస్తుంటే, ఎవరో వెండర్ ఇచ్చిన జార్ తన కడుపులో ఇంకో లైబ్రరీ క్లాసులు దాచుకుని ఉంటుంది. అలాంటిది ట్రీలో ఎప్పటికీ కనబడదు, ఈ లాగ్‌లోనే దొరుకుతుంది. ముందుముందు ఇలాంటివి బిల్డ్‌లోనే బయటపడాలంటే ఎన్‌ఫోర్సర్ ప్లగిన్‌లో రిక్వైర్ అప్పర్ బౌండ్ డెప్స్ అనే రూల్ పెట్టండి. ఎవరైనా అడిగిన వెర్షన్ కంటే తక్కువది ఎంపికైతే బిల్డ్ ఆపేస్తుంది, మీ జాక్సన్ ఎంట్రీని మొదటిరోజే పట్టించి ఉండేది. డిపెండెన్సీ కన్వర్జెన్స్ అని ఇంకో రూల్ ఉంది, అది మరీ చాదస్తం, పాత ప్రాజెక్టులో పెడితే ఎర్రర్లు తీర్చలేక వారంలో తీసేస్తారు.

జావాఎక్స్ నుంచి జకార్తాకి (స్ప్రింగ్ బూట్ 3లో మారిన ప్యాకేజీ పేర్లు) మారడం గురించి మీరు అడగలేదు గానీ సర్వీస్ మాడ్యూల్లో జావాఎక్స్ సర్వ్‌లెట్ ఏపీఐ జార్ కొత్తగా చేర్చినట్టు కనబడుతోంది. కంపైల్ అవ్వడానికి చేర్చి ఉంటారు. తీసేయండి. స్ప్రింగ్ బూట్ 3 వాడే వెబ్ సర్వర్ టామ్‌క్యాట్ 10.1కి జావాఎక్స్ సర్వ్‌లెట్ అంటే ఏంటో తెలియదు, ఆ జార్ ఉంటే కోడ్ కంపైల్ అవుతుంది, మీ ఫిల్టర్ మాత్రం ఎప్పటికీ సర్వ్‌లెట్ ఫిల్టర్‌గా నమోదు కాదు. అది సెక్యూరిటీ ఫిల్టర్ అయితే ఎర్రర్ వచ్చి ఆగడం కంటే ఇదే ప్రమాదం. ఇంపోర్టులు జకార్తాకి మార్చండి, కానీ ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అన్నిటినీ ఒకేసారి మార్చొద్దు, జావాఎక్స్ ఎస్‌క్యూఎల్, జావాఎక్స్ క్రిప్టో, జావాఎక్స్ నేమింగ్ లాంటివి జేడీకేలోవే, అవి అలాగే ఉంటాయి. మైఎస్‌క్యూఎల్ డ్రైవర్‌కి "వెర్షన్ ఈజ్ మిస్సింగ్" అని వస్తే దాని ఆర్టిఫాక్ట్ పేరు మారింది, 8.0.31 నుంచి మైఎస్‌క్యూఎల్ కనెక్టర్ జే, గ్రూప్ ఐడీ కూడా కామ్ డాట్ మైఎస్‌క్యూఎల్.

ఇక ఎం2. ఏదైనా ఆర్టిఫాక్ట్ ఒకసారి దొరక్కపోతే (నెట్ లేక, ఆఫీస్ వీపీఎన్ తెగి, ఏదైనా కారణం) మేవెన్ ఆ ఫోల్డర్లో చివర లాస్ట్‌అప్‌డేటెడ్ అని ఉండే చిన్న ఫైల్ పెట్టుకుంటుంది. మామూలు రిలీజ్ వెర్షన్లకి డిఫాల్ట్‌గా మర్నాటి దాకా మళ్లీ అడగదు. "ఫెయిల్యూర్ వాజ్ క్యాష్డ్ ఇన్ ద లోకల్ రిపోజిటరీ" అన్న పొడుగాటి ఎర్రర్ ఇదే. క్యాపిటల్ యూ ఆప్షన్ ఇస్తే మళ్లీ అడుగుతుంది, లేదా ఆ ఒక్క ఆర్టిఫాక్ట్ ఫోల్డర్ తీసేస్తే చాలు. మొత్తం డిలీట్ చేస్తే అంతా మళ్లీ డౌన్‌లోడ్ అవుతుంది, అంతకంటే ముఖ్యంగా అసలు ఆధారం పోతుంది.

మాడ్యూళ్ల ప్రాజెక్టులో ఎం2 వల్ల వచ్చే అసలు తలనొప్పి ఇది కాదు, పాతబడిన స్నాప్‌షాట్ (ఇంకా రిలీజ్ కాని వెర్షన్). సర్వీస్ ఫోల్డర్లోకి వెళ్లి అక్కడే ఇన్‌స్టాల్ కొడితే పక్కనే ఉన్న కామన్ సోర్స్‌ని మేవెన్ చూడదు, ఎం2లో ఎప్పుడో ఇన్‌స్టాల్ అయిన కామన్ జార్‌ని తీసుకుంటుంది. మీరు కామన్‌లో మెథడ్ కొత్తగా రాశారు, ఐడీఈలో కనబడుతోంది, మేవెన్ సింబల్ లేదంటోంది, అంటే ఇదే. ఎప్పుడూ రూట్ ఫోల్డర్లో నిలబడి, పీఎల్ ఆప్షన్‌కి సర్వీస్ అనిచ్చి, ఏఎం ఆప్షన్ కూడా తగిలించండి, సర్వీస్‌కి కావలసిన మాడ్యూళ్లు కూడా వరుసలో బిల్డ్ అవుతాయి. రీప్యాకేజ్ అయిన పాడు కామన్ జార్ కూడా మీ ఎం2లో ఇప్పుడు కూర్చుని ఉంటుంది కాబట్టి పైన చెప్పిన మార్పు చేశాక రూట్ నుంచి ఒకసారి పూర్తిగా క్లీన్ ఇన్‌స్టాల్ కొట్టండి, లేకపోతే సరిచేసినా పాత ఎర్రరే వచ్చి నన్ను తిట్టుకుంటారు.

కంపెనీ నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లకి ఇంకో రెండు ముక్కలు, హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో ఎక్కువగా చూసేవి. డిపెండెన్సీలన్నీ వచ్చి ప్లగిన్ మాత్రం రాకపోతే, రిపోజిటరీస్ వేరు, ప్లగిన్ రిపోజిటరీస్ వేరు అని గుర్తు తెచ్చుకోండి, ఒకదాంట్లో రాసింది రెండోదానికి వర్తించదు. సెట్టింగ్స్ ఫైల్లో అన్నిటికీ కలిపి ఒకే మిర్రర్ పెట్టేస్తే ఈ బాధ ఉండదు. 401 వస్తే సర్వర్ ఐడీ, మిర్రర్ ఐడీ అక్షరం పొల్లు పోకుండా ఒకటేనా చూడండి, పాస్‌వర్డ్ రీసెట్ చేయించే ముందు. "పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్" అంటే ప్రాక్సీ మధ్యలో తన సర్టిఫికేట్ పెడుతోంది, బ్రౌజర్‌కి అది తెలుసు, జేడీకేకి తెలియదు. కంపెనీ రూట్ సర్టిఫికేట్‌ని కీటూల్‌తో ఆ జేడీకే సీఏసర్ట్స్‌లో చేర్చాలి, కొత్త జేడీకే వేసుకున్న ప్రతిసారీ మళ్లీ చేర్చాలి. జావా 17 వేసిన రోజే ఇది వచ్చిందంటే కారణం అదే. మేవెన్ 3.8.1 నుంచి హెచ్‌టీటీపీ రిపోజిటరీలను బ్లాక్ చేస్తుంది, పాత లైబ్రరీ పామ్‌లో ఎక్కడో మూసేసిన హెచ్‌టీటీపీ అడ్రస్ ఉన్నా బిల్డ్ ఆగుతుంది, అక్కడ కూడా మిర్రరే మందు.

చివర్లో మీరు మాడ్యూల్ ఇన్ఫో ఫైళ్లు కూడా పెడదామా అని అడిగారు. ఇప్పుడు వద్దు. మేవెన్ మాడ్యూల్‌కీ జావా 9లో వచ్చిన మాడ్యూల్ సిస్టమ్‌కీ పేరు తప్ప పోలిక తక్కువ, ఒకటి ఉంటే రెండోది ఉండాలని రూలేం లేదు. స్ప్రింగ్ అప్లికేషన్‌కి దానివల్ల వచ్చే లాభం కంటే పని ఎక్కువ. ఒకే ప్యాకేజీ పేరు రెండు జార్‌లలో ఉంటే క్లాస్‌పాత్ పట్టించుకోదు, మాడ్యూల్ పాత్ ఒప్పుకోదు, మీ కామన్, సర్వీస్ రెండింటిలోనూ యుటిల్స్ అనే ప్యాకేజీ ఒకే పేరుతో ఉంది, అక్కడే ఆగిపోతారు. మీరు లైబ్రరీ రాసి బయటివాళ్లకి ఇచ్చేవాళ్లయితే వేరే మాట, అప్పుడు కూడా మొదటి మెట్టుగా మానిఫెస్ట్‌లో ఆటోమేటిక్ మాడ్యూల్ నేమ్ రాసి ఊరుకోవచ్చు, లేకపోతే జార్ ఫైల్ పేరు నుంచి పేరు పుడుతుంది, రేపు ఫైల్ పేరు మారితే వాడుతున్నవాళ్లందరి కోడ్ పగులుతుంది.

మాడ్యూల్ ఇన్ఫో లేకపోయినా జావా 17లో టెస్టులకి "ఇన్‌యాక్సెసిబుల్ ఆబ్జెక్ట్ ఎక్సెప్షన్" తగలొచ్చు. ఏదో పాత లైబ్రరీ జేడీకే లోపలి ఫీల్డులని రిఫ్లెక్షన్‌తో తెరవబోయింది, 16 నుంచి అది డిఫాల్ట్‌గా కుదరదు, 17లో ఇల్లీగల్ యాక్సెస్ అనే పాత ఆప్షన్ కూడా పని చేయదు. ముందు ఆ లైబ్రరీ వెర్షన్ పెంచి చూడండి. తప్పనిసరైతే ష్యూర్‌ఫైర్ (టెస్టులు నడిపే ప్లగిన్) ఆర్గ్‌లైన్‌లో యాడ్ ఓపెన్స్ ఇవ్వండి, కానీ జాకోకో కూడా ఉందంటే అది కూడా ఆర్గ్‌లైన్ అనే ప్రాపర్టీలోనే తన ఏజెంట్‌ని పెడుతుంది, మీరు నేరుగా రాస్తే దాన్ని చెరిపేసినట్టే, కవరేజ్ సున్నా వస్తుంది. ఎట్ గుర్తు పెట్టి కర్లీ బ్రాకెట్లలో ఆర్గ్‌లైన్ అని ముందు రాసి ఆ తర్వాత మీది రాయండి. ష్యూర్‌ఫైర్ వెర్షన్ కూడా చూసుకోండి: స్టార్టర్ పేరెంట్ వాడే మీకు సరైనదే వస్తుంది, సొంత పేరెంట్ ఉండి 3.9 కంటే పాత మేవెన్ వాడేవాళ్లకి డిఫాల్ట్‌గా వచ్చేది 2.12.4, దానికి జేయూనిట్ 5 తెలియదు. టెస్టులు ఒక్కటీ నడవవు, బిల్డ్ సక్సెస్ అని పచ్చగా వస్తుంది.

ముందు ప్లగిన్ వెబ్‌లోకి మార్చండి, జాక్సన్ ఎంట్రీ పీకండి, జెంకిన్స్‌లో జావా హోమ్ మార్పించండి, ఇదే వరుసలో, ఒక్కొక్కటి వేరు కమిట్‌గా. ఇంకా ఫెయిల్ అయితే ఎంవీఎన్ మైనస్ వెర్షన్ ఔట్‌పుట్, వెబ్ మాడ్యూల్ డిపెండెన్సీ ట్రీ, మొదటి ఎర్రర్ దగ్గర నుంచి లాగ్ ఇక్కడ పెట్టండి. చివరి ఎర్రర్ వద్దు, మొదటిది కావాలి, స్క్రీన్‌షాట్ కాకుండా టెక్స్ట్‌గా.